గద్వాల చీర మడతల్లో కుండల శాస్త్రం

మా ఇంటాయనకు కుండల పిచ్చి ఉండేది. పిచ్చి అని నేను అనడం లేదు, మా అత్త అనేది. వనపర్తి బడిలో పెద్ద తరగతుల పిల్లలకు సైన్సు చెప్పేవాడాయన. సాయంత్రం బడి వదిలితే అందరు పంతుళ్లూ ఇంటికి పోయేవాళ్లు. మా ఆయన మాత్రం చేదబావి దగ్గరికి వచ్చి ఓ పక్కన నిలబడేవాడు. మేము నీళ్లు చేది కుండల్లో పోస్తుంటే ఆ చప్పుడు వినడం ఆయన పని.

ఖాళీ కుండలో నీళ్లు పోస్తే మొదట బొంగురుగా పలుకుతుంది. నీళ్లు పైకి వస్తున్నకొద్దీ గొంతు సన్నబడుతుంది. మెడ దాకా వచ్చేసరికి ఈల వేసినట్టుంటుంది. నీళ్లు మోసిన ఏ ఆడదానికైనా ఇది తెలిసిందే, కుండ నిండిందని చూడకుండానే చెప్తాం. ఆయనకు కావలసింది లెక్క. ఎన్ని నీళ్లకు గొంతు ఎంత సన్నబడుతుంది, మెడ పొడుగైతే ఏమవుతుంది, కడుపు పెద్దదైతే ఏమవుతుంది. చెక్కపలక మీద ఒకే తీగ బిగించుకుని, దాని కింద చిన్న చెక్కముక్కను అటూ ఇటూ జరుపుతూ, కుండ పలుకూ తీగ పలుకూ ఒకటయ్యే చోట గీత పెట్టేవాడు.

ఊరికే ఉంటారా ఆడవాళ్లు? ఒకనాడు బావిగడ్డ మీద ఒక పెద్దమ్మ చేద లాగుతూ అడిగేసింది.

"ఏంది పంతులూ, కుండల సూస్తున్నవా, కుండలు మోసేటోల్ల సూస్తున్నవా?"

నా చేద నా చేతిలోనే ఉంది. ఆయన నా వైపు చూశాడు, నేను బావిలోకి చూశాను. చివరికి ఆయనే, "సూస్తలేనమ్మా, ఇంటున్న" అన్నాడు. బావిగడ్డంతా నవ్వింది. దాని తర్వాత ఎవరింట్లో కొత్త కుండ కొన్నా మొదట మా వాకిట్లోకి తెచ్చి పలికించుకుని పోవడం అలవాటైపోయింది. మా అత్తకే మంట. ఇంట్లో ఉన్న కుండలన్నీ వసారాలో వరసగా ఉంటే ఆమె వంట ఎట్లా చేస్తుంది? "నా కుండలల్ల నీ గాలి నింపిపెడితివి. నేను దేంట్ల వండాలె కొడుకా?" అని పొద్దునా సాయంత్రం అడుగుతుండేది.

అట్లా రెండు మూడు ఎండాకాలాలు గడిచాక ఆయన తాను కనుక్కున్నదంతా రాసుకుని, హైదరాబాదులో తనకు చదువు చెప్పిన పెద్ద పంతులు దగ్గరికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహంలో సంతోషం, దిగులు రెండూ ఉన్నాయి. కాళ్లకు నీళ్లిచ్చి అడిగితే చెప్పాడు.

పెద్ద పంతులుకు రాత బాగా నచ్చిందట. అచ్చులో రావలసిందే అన్నాడట. కానీ ఒక చిక్కు. వెనకటి కాలంలో ఇంగ్లండులో ఒకాయన మెడ ఉన్న పాత్రలలో గాలి ఎట్లా పలుకుతుందో ఒక వ్యాసం రాశాడు. పెద్ద పంతులు చిన్నప్పుడు ఎప్పుడో చూశాడు గానీ అందులో ఏముందో పూర్తిగా గుర్తు లేదు. మా ఆయన కనుక్కున్నది ఆ దొర ముందే చెప్పి ఉంటే, మళ్లీ అదే తనదని రాయడం తప్పు. అది చూడనిదే నేను దీన్ని పంపలేను అన్నాడట. ఇంకోటి, ఆ ఎండాకాలం సెలవులు అయిపోగానే ఆయన కొలువు దిగిపోతాడు. ఆయన పలుకుబడి పోయాక వనపర్తి బడిపంతులు రాసింది ఎవరు పంపుతారు, ఎవరు చదువుతారు?

అంటే ఆ పాత వ్యాసం వర్షాలు పడకముందే దొరకాలి. దొరకకపోతే ఇన్నేళ్ల కుండలూ వసారాలో ఉన్నట్టే.

అప్పుడు జర్మన్ లడాయి నడుస్తోంది. ఇంగ్లండు సీమ నుంచి ఓడలు సరిగా రావడం లేదు, పుస్తకాలు తెప్పించే మాటే లేదు. హైదరాబాదు కాలేజీలో ఆ వరస పుస్తకాలు ఉన్నాయి గానీ కావలసిన సంవత్సరానిదే లేదు. మద్రాసుకు రాస్తే మా దగ్గర లేదన్నారు. కలకత్తాకు రాస్తే, బాంబులు పడతాయన్న భయంతో పుస్తకాలన్నీ పెట్టెలకెత్తి ఎక్కడికో పంపేశామన్నారు. ఇక దారి లేదనుకుంటుండగా పెద్ద పంతులే ఒక మాట గుర్తు చేసుకున్నాడు. గద్వాల దాకా రైలు కట్ట వేసినప్పుడు అక్కడ బంగళాలో ఒక ఇంజనీరు దొర ఉండేవాడనీ, ఆయన దగ్గర ఆ పుస్తకాలు తోలు అట్టలతో వరసగా ఉండేవనీ, తాను ఒకసారి చూశాననీ చెప్పాడు. ఆ దొర ఎప్పుడో దేశం వెళ్లిపోయాడు.

గద్వాల అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అది నా పుట్టిల్లు. "నేనూ వస్త" అన్నాను. వద్దనే తీరిక ఆయనకు లేదు.

వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కి, కృష్ణ దాటి గద్వాలలో దిగాం. బంగళా కావలివాడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, దొర సామాను దొర పోయినప్పుడే హర్రాజు వేశారని చెప్పాడు. కుర్చీలు ఒకరు, గుర్రపు జీను ఒకరు, పుస్తకాలేమో అట్టలు కుట్టి జిల్దులు కట్టే సాయబు పాడుకున్నారట. ఆ సాయబు ఇల్లు నాకు తెలుసు. మా నాన్న దుకాణం పుస్తకాలకు జిల్దు కట్టింది ఆయనే, చిన్నప్పుడు నాకు రంగు కాగితం ముక్కలు ఇచ్చింది ఆయనే.

సాయబు తాత ముసలివాడైపోయాడు గానీ నన్ను గుర్తుపట్టాడు. చాప వేయించాడు, నీళ్లిప్పించాడు. దొర పుస్తకాల మాట ఎత్తగానే ఆయన కళ్లు మెరిశాయి.

"అసొంటి తోలు మల్ల రాలేదు బిడ్డా. అట్టలు నేనుంచుకున్న. లోపలి కాగితం చీరల సావుకారి తీస్కపోయిండు."

"చీరల సావుకారికి ఎందుకు?" అన్నాడు మా ఆయన.

"మడతలల్ల పెట్టనీకె."

మా ఆయన గడప మీద కూలబడిపోయాడు. కుండల కోసం ఆయన పడ్డ పాటు ఏదీ ఆ సాయబుకు తెలియదు. కానీ మనిషి మొహం చదివే ముసలివాడు. దగ్గరికి జరిగి, "పరేషాన్ గాకు సారూ. అక్షరమున్న కాగితం ఎవ్వరూ కాల్వరు, ఎవ్వరూ తొక్కరు. యాడనో ఒకకాడ పైలంగుంటది" అన్నాడు.

ఈ మడతల సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, దాని మీద జరీ. మడత పెడితే జరీ మీద జరీ పడి రాసుకుంటుంది, నల్లబడుతుంది. అందుకని నడిమి మడతలో ఒక మందం కాగితం పెడతారు. దొర కాగితం గట్టిది, నునుపుది, తొందరగా పసుపెక్కదు. సావుకారికి అంతకన్నా ఏం కావాలి?

సావుకారి మాకు దూరపు చుట్టమే. వరసకు అన్న అవుతాడు. మేము చెప్పింది విని మొదట నవ్వాడు, మా ఆయనను చూసి ఆపాడు. అటక మీద వెతికితే ఆ కట్టలో అడుగున మిగిలిన కాగితాలు కొన్ని దొరికాయి. మా ఆయన ఒక్కొక్కటే చూస్తూ పోయి, ఒకదాని దగ్గర ఆగి, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. అదే వ్యాసం! మొదటి ఆకు మాత్రం ఉంది. తర్వాతి ఆకులు లేవు.

సావుకారి తల గోక్కున్నాడు. కాగితాలు కట్టలో ఎట్లా ఉంటే అట్లానే వరసగా తీసి చీరల్లో పెట్టామన్నాడు. ఈ ఆకుకు ముందువెనకల ఉన్నవి చెరువు తెగిన ఏడు శ్రావణంలో నేయించిన చీరల్లోకి పోయి ఉండాలి. ఆ విడత దిగినవన్నీ ఒకే తీరువి, నెమలికంఠం ఒళ్లు, కుంకుమ రంగు అంచు. "గవి ఎవరు కొన్నరో నాకెట్ల యాదుంటది చెల్లే?" అన్నాడు.

ఆయనకు ఉండదు. నాకు ఉంది. నాకు చదువు రాదు, చాకలి పద్దు మాత్రం రాసుకోగలను. కానీ ఏ పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారో అడగండి, అంచుతో సహా చెప్తాను. చెరువు తెగిన ఏడు నెమలికంఠానికి కుంకుమ అంచు ఎవరెవరి ఒంటి మీద చూశానో సావుకారి దుకాణంలోనే కూర్చుని తలచుకున్నాను. మానవపాడులో మా పిన్ని. వనపర్తిలో అత్తరు దుకాణం వాళ్ల బీబీ. గద్వాలలో మా పక్కింటి కోడలు. ఇంకొకామె తెలకపల్లి రైతు భార్య. ఆమె నా పక్కనే కూర్చుని ఆ చీర ఏరుకుంది గనుక మరిచిపోలేదు.

మా ఆయన నన్ను కొత్తగా చూశాడు. "ఇంక నేను చేసేదేమీ లేదు, నువ్వే పోవాలె" అన్నాడు. నిజమే. చీరల పెట్టె మగవాడికి ఎవరు తెరిచి చూపిస్తారు? ప్రతి ఆకు పైనా ఉండే ఇంగ్లీషు అక్షరాల వరసను ఆయన ఒక పలక మీద పెద్దగా గీసిచ్చాడు. నాకు అవి అక్షరాలుగా కాక ముగ్గుగా గుర్తున్నాయి. రెండు గుండ్రాలు, ఒక నిచ్చెన, తోక ఉన్న సున్న.

పక్కింటి కోడలు చీర విప్పి ఆకు నా చేతిలో పెట్టి, దాని బదులు తెల్ల కాగితం పెట్టుకుంది. ముగ్గు సరిపోయింది. మరునాడు రైల్లో మానవపాడు పోతే మా పిన్ని ఆకు ఇచ్చింది గానీ, తిని పోతే గాని ఇవ్వనని జొన్నరొట్టె చేసింది. ఆ ఆకు మీద నూనె మరక. మా ఆయన దాన్ని ఎండకు పట్టి చదువుకున్నాడు, మరక ఉన్నచోటే అక్షరం బాగా కనిపిస్తోందన్నాడు.

వనపర్తికి తిరిగొచ్చి అత్తరు దుకాణం వాళ్లింటికి పోయాను. బీబీ పెట్టె తెరిస్తే చీర ఉంది, కాగితం లేదు. ఆమె నా మొహం చూసి లేచి, గోడ గూట్లో ఎత్తున పెట్టిన గుడ్డ మూట దించింది. అందులో ఇంట్లో దొరికిన రాత కాగితాలన్నీ దాచింది. ఏ భాషలో ఏముందో, ఎక్కడ దేవుడి పేరు ఉందో మనకేం తెలుసు, చీరల మధ్య పెట్టడానికి మనసు ఒప్పలేదని చెప్పింది. ఆ మూటలో నా ముగ్గు చక్కగా, ఒక్క ముడత లేకుండా ఉంది.

ఆకులు వరసగా పేర్చి మా ఆయన వసారాలో కూర్చుని చదివాడు. నేను బియ్యం ఏరుతూ ఆయననే చూస్తున్నాను. చదువుతున్నకొద్దీ ఆయన భుజాలు కిందికి జారాయి.

"మెడ సంగతి చెప్పేసిండు. నీళ్ల సంగతి చెప్పేసిండు" అన్నాడు.

"అన్నీ చెప్పేసిండా?"

"ఆయన పలికించింది గాజుబుడ్లు. మట్టి పాత్రల విషయానికి వస్తే, అని మొదలుపెట్టిండు. ఆకు అయిపోయింది."

ఆ మిగతా మాట తెలకపల్లిలో ఉంది.

మా ఆయన రాసినదంతా మట్టి కుండల మీదే కదా. కొత్త కుండ ఒకలా పలుకుతుంది, నీళ్లు తాగి నానిన కుండ ఒకలా పలుకుతుంది. ఎందుకలా అన్నదే ఆయన కష్టమంతా. అది కూడా ఆ వ్యాసం రాసిన దొర చెప్పేసి ఉంటే ఇక ఏమీ మిగలదు.

తెలకపల్లికి మా అత్త నాతో వచ్చింది. నాగర్‌కర్నూలు దాకా బొగ్గు బస్సు. లడాయి రోజుల్లో పెట్రోలు లేక బొగ్గు మంటతో నడిపేవాళ్లు, ఎత్తు వస్తే అందరం దిగి నడిచేవాళ్లం. అక్కడి నుంచి ఎడ్లబండి. దారంతా మా అత్త కొడుకును తిడుతూనే ఉంది, బస్సు ఆగినప్పుడల్లా కాగితం దొరుకుతదా అని నన్ను అడుగుతూనే ఉంది.

ఆ రైతు భార్య మమ్మల్ని చూసి సంతోషపడింది. మజ్జిగ ఇచ్చింది. విషయం చెబితే పెట్టె తెరిచి చీర తీసింది. నెమలికంఠం, కుంకుమ అంచు, దుకాణంలో ఎట్లా చూశానో అట్లానే ఉంది. నడిమి మడతలో నుంచి కాగితం అంచు గోరంత బయటికి కనిపిస్తోంది. నేను చేయి చాపాను. ఆమె చీరను ఒడిలోకి తీసుకుంది.

"ఇది నా బిడ్డ పెండ్లికి పెట్టిన అక్కా. వైశాఖంల లగ్గం. మడత ఇప్పితే ఇంక పెండ్లిచీర గాదు, కట్టిన చీరయితది."

ఆమె అన్నది సరైన మాట. మా దిక్కు పెండ్లిచీర మడత పెండ్లికూతురి చేతనే విప్పిస్తారు. ముందే విప్పిన చీరను ఏ తల్లీ బిడ్డకు కట్టబెట్టదు. మడత విప్పకుండా నడిమి కాగితం రాదు. లాగితే చిరుగుతుంది, చిరిగితే జరీకి తగులుతుంది. మా ఇంటాయన ఇన్నేళ్ల పని గోరంత దూరంలో ఉంది, అయినా నా నోట విప్పు అనే మాట రాలేదు.

మా అత్త నోరు విప్పింది. బస్సులో కొడుకును తిట్టిన ఆమే.

"ఇప్పకు బిడ్డా. మేమే పెండ్లికొస్తం."

"పిలువకముందే పెండ్లికొస్తమన్నోల్లను మిమ్ములనే చూసిన" అని ఆమె నవ్వింది. కుంకుమ తెచ్చి ఇద్దరికీ బొట్టు పెట్టి అక్కడే పిలిచేసింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఉన్న ఆకులనే మళ్లీ వరసగా పేర్చుకున్నాడు. తర్వాత, "ఎండకు పట్టి చూడకపోయినవా?" అన్నాడు. అన్ని చీర మడతల్లోంచి ఏం కనిపిస్తుంది అన్నాను. ఆయనకూ తెలుసు. లగ్గం పెద్ద పంతులు కొలువు దిగడానికి కొంచెం ముందే పడింది, అదొక్కటే ఊరట. ఆ మధ్య రోజుల్లో ఆయన కుండల జోలికి పోలేదు. మా అత్తే రెండు కొత్త కుండలు తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఊకె కూసుంటె ఏమస్తది, పలికించు" అంది.

పెళ్లికి ముగ్గురం పోయాం. మా ఆయన పెద్ద పంతులుకు చూపవలసిన రాత సంచిలో పెట్టుకునే వచ్చాడు. లోపలి గదిలో ఆడవాళ్లందరం పెండ్లికూతురి చుట్టూ కూర్చున్నాం. తల్లి చీర తెచ్చి బిడ్డ చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల పసుపు చేతులతోనే ఒక్కొక్క మడత విప్పింది. కర్పూరం వాసన వచ్చింది. నడిమి మడత తెరుచుకోగానే కాగితం జారి ఆమె ఒడిలో పడింది. ఆ పిల్ల దాన్ని కళ్లకద్దుకుని నాకు అందించింది. రెండు వైపులా పసుపు వేళ్లు పడ్డాయి. నేను పలక తేలేదు, అక్కర కూడా లేదు. గుండ్రాలు, నిచ్చెన, తోక ఉన్న సున్న.

బయట పందిట్లో మగవాళ్ల బంతి కూర్చుంది. మా ఆయన ముందు మోదుగాకు విస్తరి, అందులో అన్నం, పప్పు. నేను ఓ పిల్లవాడి చేత కాగితం పంపించి తలుపు సందులోంచి చూస్తున్నాను. ఆయన ఎడమచేత్తో పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. కుడిచేయి అన్నంలోనే ఆగిపోయింది. పులుసు పోసే ఆయన గరిటె పట్టుకుని నిలబడ్డాడు. పక్కవాళ్లు తినడం ఆపారు. పెళ్లి పందిట్లో మనిషి చేతికి కాగితం వచ్చి, ఆ మనిషి అన్నం ముట్టకుండా ఉంటే, అది టెలిగ్రాం, తార్ అనే అనుకుంటారు. తార్ వచ్చిందంటే చావు కబురే ఆ రోజుల్లో.

పెండ్లికూతురి తండ్రి మెల్లగా వంగి, "పంతులూ, ఎవరన్న పోయిండ్రా?" అని అడిగాడు.

మా ఆయన తలెత్తాడు. కళ్లలో నీళ్లున్నాయి, నోరు మాత్రం నవ్వుతోంది.

"ఎవ్వరు పోలేదన్నా. సీమల ఒకాయన మట్టిబుడ్లు పలికిచ్చిండట. రోజుకోతీరుగ పలికినయట. సమజ్ గాక ఇడిసిపెట్టిండట."

ఏమీ అర్థం కాకపోయినా ఎవరూ చావలేదని తెలిసి బంతి మళ్లీ తినడం మొదలుపెట్టింది. పులుసు ఆయన కూడా గరిటె వంచాడు. మా ఆయన తలుపు వైపు చూశాడు. నేను ఉన్నానని ఆయనకు తెలుసు.

ఆ దొర వదిలేసిన చోటే మా ఆయనది మొదలవుతుంది. గాజుబుడ్డి నీళ్లు తాగదు, రోజూ ఒక్కలాగే పలుకుతుంది. మట్టి నీళ్లు తాగుతుంది, ఎండితే ఒకలా, నానితే ఒకలా. రోజుకో తీరు ఎందుకో మా ఆయన వసారాలో ఏళ్ల తరబడి గీతలు పెట్టి ఉన్నాడు. మెడ సంగతి, నీళ్ల సంగతి ఆ దొరవి. తడి సంగతి మా ఆయనది. సగం పోయినందుకు ఆయన బాధపడతాడేమో అనుకున్నాను. పోయిన సగం తలుచుకుని కూడా మురిసిపోయాడు. ఎక్కడో సముద్రాల అవతల ఇంకొకాయన కూడా బుడ్లు ముందు పెట్టుకుని చెవి ఒగ్గి కూర్చున్నాడట, అది ఆయనకు చుట్టం దొరికినట్టుంది.

ఆయన పెళ్లి భోజనం పూర్తిచేసి, ఇంటికి కూడా రాకుండా ఆకులన్నీ సంచిలో వేసుకుని అటునుంచి అటే హైదరాబాదు పోయాడు. నేనూ మా అత్తా అప్పగింతల దాకా ఉండి వచ్చాం.

పెద్ద పంతులు కూర్చోబెట్టి మొత్తం చదివించుకున్నాడట. దొర చెప్పిందంతా ముందు ఆయన పేరు మీదే రాసి, తర్వాత నీది రాయి అన్నాడట. అట్లానే మళ్లీ రాయించి, కొలువు దిగకముందే తన చేత్తో సంతకం చేసి పంపాడు. అచ్చయింది కూడా. అయితే మా ఆయన ఎప్పుడు చెప్పినా అచ్చు సంగతి కంటే ఇంకో సంగతే ఎక్కువ చెప్పేవాడు. పెద్ద పంతులు ఆ చివరి ఆకును అటూ ఇటూ తిప్పి, పసుపు వేళ్ల గుర్తుల మీద కళ్లద్దాలు ఆన్చి, "ఇది ఏ లైబ్రరీ ముద్రయ్యా?" అని అడిగాడట.

మా ఆయన, "తెలకపల్లిది సార్" అన్నాడట.